జీతం అడగని కోచ్‌కు గుర్తింపు కార్డయినా ఇవ్వండి

సంపాదకుడి గారికి నమస్కారం.

మాది కాజీపేట. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, బేస్‌బాల్ లాంటి సాఫ్ట్‌బాల్ అనే ఆట ఆడుతుంది. మూడేళ్ల కింద ఆ ఆట పేరు కూడా మాకు తెలియదు. ఇప్పుడు నేను లేపకముందే లేచి, ఐదున్నరకల్లా బూట్లు వేసుకుని గేటు దగ్గర నిలబడుతుంది. దీనికంతటికీ కారణం కొరియర్ ఆఫీసులో పనిచేసే ఒక కుర్రాడు. తను కూడా ఒకప్పుడు జిల్లా టీంకు ఆడినవాడే. డ్యూటీకి పోయేముందు రోజూ ఇరవై మంది పిల్లలకు ఆట నేర్పిస్తాడు. ఫీజు లేదు. పిల్లలు సార్ అనరు, అన్నా అంటారు.

సాఫ్ట్ అన్న పేరు విని నేను మోసపోయాను. ఆ బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, క్రికెట్ బంతి కన్నా బరువు. గ్లౌజ్ లేకుండా పడితే వేళ్లు వాస్తాయి. టీంకు తొమ్మిది మంది. మా పిల్లల దగ్గర మొదట్లో ఉన్నవి ఆరు గ్లౌజులు. అన్నింటికన్నా తిప్పలు మా అమ్మాయికే, దానిది ఎడమచేతి వాటం. ఎడమ చేత్తో విసిరేవాళ్లకు గ్లౌజ్ కుడి చేతికి తొడిగేది ఉండాలట. వరంగల్‌లో ఎన్ని షాపులు తిరిగినా దొరకలేదు. చివరికి అతనే హైదరాబాద్ నుంచి తెచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. అతని జీతమెంతో మాకు తెలుసు కాబట్టి ఆ గ్లౌజ్ చూసినప్పుడల్లా నాకు ఇబ్బందిగానే ఉంటుంది.

పిల్లలు ఒక స్కూల్ గ్రౌండ్‌లో ఆడుకునేవాళ్లు. పోయిన దసరా సెలవుల ముందు ఒకరోజు గేటుకు తాళం పడింది. "నువ్వెవరు, ఏ హోదాలో నేర్పిస్తున్నావు?" అని అతన్ని అడిగారు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే అది అడగాల్సిన ప్రశ్నే అనిపించింది. ఆడపిల్లలున్న చోటికి రోజూ వచ్చే మనిషి ఎవరని ఎవరో ఒకరు అడగాలి కదా. నిజానికి మూడేళ్లుగా తల్లిదండ్రులం మేము కూడా అడగలేదు. కానీ జవాబుగా చూపించడానికి అతని చేతిలో ఒక్క కాగితం లేదు. అలాంటి కాగితం ఎవరిస్తారో చెప్పినవాళ్లూ లేరు.

అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌కు లిటిల్ లీగ్ అని ఉంది, 1939లో మొదలైంది. అక్కడ కూడా నేర్పేది ఎక్కువగా జీతం లేని తల్లిదండ్రులే. అయితే వాళ్ల మీద పాత కేసులేమైనా ఉన్నాయా అని ఏటా చూశాకే పిల్లల దగ్గరికి పంపుతారు. 11, 12 ఏళ్ల పిల్లవాడు రోజుకు 85 బంతులకు మించి విసరకూడదు. 66 గానీ అంతకన్నా ఎక్కువ గానీ విసిరితే నాలుగు రోజులు పిచింగ్, అంటే బ్యాట్ పట్టినవాళ్లకు బంతి విసరడం, బంద్. కోచింగ్ ఊరికే వస్తుంది గానీ పిల్లల భుజాలు ఊరికే రావు కదా! మన దగ్గర టోర్నమెంట్ అంటే బాగా విసిరే ఒక్క పిల్ల చేతనే వరుసగా మ్యాచ్‌లన్నీ వేయిస్తారు. గెలవాలన్న టెన్షన్‌లో ఆ చేయి సంగతి ఎవరికి గుర్తుంటుంది?

నిజామాబాద్ నిఖత్ జరీన్‌కు బాక్సింగ్‌లో మొదటి పాఠాలు చెప్పింది వాళ్ల నాన్నే. ఆ తర్వాత పెద్ద కోచ్‌లు దొరికారు. మా పిల్లలకు మాత్రం మొదటి కోచ్, చివరి కోచ్ ఇతనొక్కడే. ఇతను బదిలీ మీద వెళ్లిపోతే ఆట అక్కడికి ఆగిపోతుంది.

జిల్లా క్రీడల అధికారులను నేను జీతం అడగడం లేదు. ఇలా నేర్పేవాళ్ల పేర్లు రాసుకోండి. పోలీస్ వెరిఫికేషన్ చేయించండి. గాయాలకు ఏం చేయాలో, ఏ వయసు పిల్లలతో ఎంత ఆడించాలో నాలుగు రోజులు శిక్షణ ఇచ్చి, ఫొటోతో ఒక కార్డివ్వండి. ఆ కార్డు చూపిస్తే సర్కారు స్కూల్ గ్రౌండ్ పొద్దున రెండు గంటలు తెరవాలి. వేరే ఊళ్లో మ్యాచ్ ఉంటే బస్ చార్జీలు, అమ్మాయిల వెంట ఒక ఆడమనిషి ఉండేలా చూడండి. పోయినసారి నా టైలరింగ్ షాపు మూసేసి నేనే వెళ్లాను. పెళ్లిళ్ల సీజన్, రెండు రోజులు బ్లౌజులు కుట్టించుకునేవాళ్లతో మాటలు పడ్డాను.

ఇప్పుడు పిల్లలు ఒక రియల్ ఎస్టేట్ వెంచర్‌లో ఆడుతున్నారు. 200 గజాల ప్లాటు పొడవు 60 అడుగులు, ఆటలో పరుగెత్తి తాకాల్సిన ఒక బేస్‌కూ ఇంకో బేస్‌కూ మధ్య ఉండాల్సింది కూడా 60 అడుగులే. హద్దురాళ్లు చూసుకుని కోచ్ బేస్‌లుగా ఇసుక సంచులు పెట్టేశాడు, టేపు అవసరం పడలేదు. మొన్న మూడో బేస్ ఉన్న ప్లాటులో బోరు వేశారు.

— ఒక క్రీడాకారిణి తల్లి, కాజీపేట