తొలకరికి ముందు మన మండువా ఇంటి పనులు

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 7 గంటలకల్లా మ్యూజియం ఇంటికి రావాలని మనవి. సందర్శకులు వచ్చేలోపు పని ముగించాలి.

తొలకరి పడకముందే పెంకులు సర్దించాలి. నాలుగు వైపుల చూరు నీళ్లూ ఇంటి నడుమ పైకప్పు లేని మండువా గుంటలోకే దిగుతాయి. అక్కడి తూము ఆకులతో పూడితే నీరు నిలిచి స్తంభాల మొదళ్లు తడుస్తాయి, ఆ వెంటే చెదలు. నిన్న ఈశాన్యపు స్తంభం కింద వేలెడు పొడవున మట్టి గీత కనిపించింది. అది చెదల దారి. దయచేసి తుడిచేయకండి, ఎటునుంచి వచ్చిందో వడ్రంగి గారు చూడాలి.

పెచ్చులూడిన గోడకు సిమెంటు పూయిద్దామని కొందరు అడిగారు. వద్దండీ. సున్నపు గోడ తనలోని చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే అది లోపలే చిక్కుకుని ఇటుకను తినేస్తుంది. గానుగ సున్నం (గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నం) దొరికేదాకా ఆ మచ్చ అలాగే ఉండనిద్దాం.

పట్టుచీరలు, ఉత్తరాలు ఉన్న గదిలో తెరలు తీయవద్దు. వాటిపై 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడకూడదని మ్యూజియంల లెక్క. చీకటిగా ఉందని ఎవరైనా అంటే ఓపికగా కారణం చెప్పండి. వెలిసిన రంగును మళ్లీ తేలేం కదా.

రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారి ఇల్లు చూసిన రోజు నుంచి నాకు ఒకటే ఆలోచన. 1881లో తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించిన మనిషి నడిచిన నేల అది. గోడ నిలిస్తేనే ఆ మాట పిల్లలకు చూపించి చెప్పగలం.

మెత్తని బ్రష్షులు, పాత నూలు బట్టలు తెచ్చుకోండి. తడిబట్ట మాత్రం చెక్కకు తగలనీయకండి.