ఆయిల్ ఇంజన్‌కు నీళ్లు వదిలితే డీజిల్ మిగలదు

ఎడిటర్ గారికి,

ఆయిల్ ఇంజన్ పీల్చే గాలిలోకి చుక్కచుక్కగా నీళ్లు వదిలితే డీజిల్ ఆదా అవుతుందన్న మాట మన నెల్లూరు జిల్లాలో రొయ్యల గుంటల దగ్గరా, మోటారు షెడ్లలోనూ వినబడుతోంది. నీళ్లు మండవు. లోపలికెళ్లిన నీరు ఆవిరి కావడానికి వేడిని లాగేసుకుంటుంది, దాంతో మంట వేడిమి తగ్గుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు అతి వేడిలోనే పుడతాయి కాబట్టి అవి తగ్గే మాట నిజం. కొన్ని పెద్ద ఓడల ఇంజన్లలో గాలిని తడిపేది అందుకే. డీజిల్ ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

5 హెచ్‌పీ సింగిల్ సిలిండర్ ఇంజన్ (బోరు అంటే సిలిండర్ లోపలి వ్యాసం 80 మి.మీ., స్ట్రోకు అంటే పిస్టన్ కదిలే దూరం 110 మి.మీ.) నిమిషానికి 1500 చుట్ల (ఆర్‌పీఎం) మీద గంటకు సుమారు 24 కిలోల గాలి పీలుస్తుంది. ఉదయగిరి వైపు 40 డిగ్రీల ఎండలో, తేమ 30 శాతం ఉంటే కిలో గాలి సుమారు 6.3 గ్రాముల నీటిని ఇముడ్చుకోగలదు. అంటే గంటకు సుమారు 150 మి.లీ. విడవలూరు తీరంలో 33 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్నప్పుడు 40 మి.లీ. కూడా కష్టమే. అంతకు మించి వదిలిందంతా చుక్కలుగానే సిలిండర్లోకి పోయి, గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. పిస్టన్ గాలిని నొక్కినప్పుడు పుట్టే కంప్రెషన్ వేడి తగ్గి డీజిల్ ఆలస్యంగా అంటుకుంటుంది. ఆ లోపు చేరిన డీజిలంతా ఒక్కసారిగా మండి ఇంజన్ టకటకా కొడుతుంది. లోడు తక్కువుంటే తెల్లపొగ.

పోసే నీళ్లు ఎలాంటివో కూడా చూడాలి. లీటరుకు 2 గ్రాముల ఉప్పున్న బోరు నీటిని గంటకు 200 మి.లీ. చొప్పున పది గంటలు వదిలితే 4 గ్రాముల ఉప్పు ఇంజన్లోకి పోతుంది. లీటరుకు 15 గ్రాములున్న గుంట నీరైతే 30 గ్రాములు. వాల్వు సీట్ల మీదా, రింగుల గాడుల్లోనూ గట్టిపడి కంప్రెషన్ పోగొట్టేది అదే.

అన్నిటికంటే పెద్ద నష్టం ఇంజన్ ఆపాక జరుగుతుంది. కంప్రెషన్ నిష్పత్తి (గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క) 17.5 అయితే పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ 34 సీసీ లోపే. నీటి కొళాయి కట్టడం మరిస్తే అంత నీరు చేరడం ఎంతసేపు? నీరు గాలిలా నొక్కుకుపోదు. మళ్లీ స్టార్ట్ చేస్తూ, ఫ్లైవీల్ ఊపందుకున్నాక డీకంప్రెషన్ లివర్ (వాల్వును తెరిచి పట్టి హ్యాండిల్ తేలిగ్గా తిరిగేలా చేసేది) వదిలారంటే పిస్టన్‌ను తోసే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అనుమానముంటే ఇంజెక్టర్ విప్పి, హ్యాండిల్ మెల్లగా తిప్పి నీళ్లు బయటికి పంపాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే ఆయిల్ మార్చక తప్పదు.

ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్లో (గాలిలోని దుమ్మును అడుగున ఉన్న ఆయిల్‌తో పట్టేసే డబ్బాలో) నీళ్లు పోయమనే సలహా అయితే మరీ దారుణం. నీరు అడుక్కు దిగి ఆయిల్ మట్టం లేస్తుంది. ఇంజన్ ఆ ఆయిల్‌నే పీల్చి, డీజిల్ కట్టేసినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోతుంది.

అయినా వదిలి తీరతామనే వాళ్లు డిస్టిల్డ్ వాటరే వాడాలి. అదీ ఇంజన్ వేడెక్కి, సగం లోడు దాటాకే. ఆపడానికి ఐదు నిమిషాల ముందే నీళ్లు కట్టేయాలి. డీజిల్ తగ్గాలంటే ముందు ఎయిర్ క్లీనర్ కడిగి, ఇంజెక్టర్ ప్రెషర్, టాపెట్ గ్యాప్ (వాల్వు దగ్గర వదిలే సందు) చూపించండి. షెడ్డులోని వేడిగాలి కాక బయటి గాలి పీల్చేలా గొట్టం పెట్టండి. గాలి 10 డిగ్రీలు చల్లబడితే సిలిండర్‌కు 3 శాతం ఎక్కువ గాలి అందుతుంది, అదీ చుక్క నీరు లేకుండా.

ఇట్లు
డీజిల్ మెకానిక్‌లు, కావలి