రాజ్‌నాథ్ గారూ, ఇంతకీ ఆ రెండో పైలట్ ఎవరు?

గౌరవనీయులైన రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ గారికి నమస్కారం.

ముందే చెప్పేస్తున్నా సార్, 2019లో మిగ్ ఫైటర్ విమానం కూలి పాకిస్తాన్‌కి పట్టుబడ్డ మన పైలట్ అభినందన్ వర్ధమాన్ గారి ధైర్యం మీద నాకు ఆవగింజంత డౌట్ కూడా లేదు. ముఖం వాచిపోయి, చేతిలో టీ కప్పు పట్టుకుని, ఏ విమానం నడిపారు మీ మిషన్ ఏంటి అని అడిగితే సారీ మేజర్ అది నేను చెప్పకూడదు అన్న మనిషి ఆయన. నా డౌట్ అంతా ఆయన చుట్టూ రెండు ప్రభుత్వాలూ టీవీలూ కలిసి అల్లిన కథ మీదే.

2019 ఫిబ్రవరి 27. అప్పుడు మీరు హోం మంత్రి, రక్షణ శాఖ మా నరసాపురం కోడలు నిర్మల గారి దగ్గర ఉంది. పొద్దున పాకిస్తాన్ ఆర్మీ ప్రతినిధి మా దగ్గర ఇద్దరు ఇండియన్ పైలట్లు ఉన్నారన్నాడు, సాయంత్రానికి కాదు ఒక్కరే అన్నాడు. మరి ఆ రెండోవాడు ఎవరు? సరిగ్గా ఈ సందులోంచే మన ఛానళ్ళు దూరిపోయాయి. ఆ రెండోవాడు వాళ్ళ ఎఫ్-16 ఫైటర్ విమానం పైలటే, మనవాడు అనుకుని వాళ్ళ జనమే కొట్టి చంపేశారు అని పేరుతో సహా చెప్పేసారు. తీరా చూస్తే దానికి ఆధారం లండన్ లాయర్ ఒకాయన పెట్టిన పోస్ట్ అంట! ఆ పైలట్ తండ్రి అని ఎవరి పేరు చెప్పారో ఆయనేమో మా పిల్లలు క్షేమంగానే ఉన్నారయ్యా అన్నాడు. ఆ తర్వాత సారీ చెప్పిన ఛానల్ ఒక్కటి కూడా నా కంట పడలేదు.

అటువైపు వాళ్ళూ తక్కువ తినలేదు లెండి. మార్చి 1న వాఘాలో అప్పజెప్పే ముందు అభినందన్ గారి చేత తమ సైన్యాన్ని పొగిడించి, మాటమాటకీ కత్తిరించి అతికించిన వీడియో వదిలారు. పట్టుబడ్డ సైనికుణ్ణి జనం ముందు ప్రదర్శన పెట్టొద్దని జెనీవా ఒప్పందం 13వ ఆర్టికల్ చెప్తుంది, అదెవరికి కావాలి.

ఇక ఎఫ్-16 సంగతి. అభినందన్ గారే కూల్చారని మన ఎయిర్‌ఫోర్స్ అంటుంది, 2021లో వీర్ చక్ర ఇచ్చినప్పుడు కూడా అదే చదివారు. పాకిస్తానేమో ఆ మిగ్ శకలాల్లో నాలుగు మిస్సైళ్ళూ దొరికాయి ఒక్కటీ పేలలేదని చూపించింది, లెక్క పెడితే ఎఫ్-16లు అన్నీ ఉన్నాయని అమెరికా అధికారులు చెప్పినట్టు ఫారిన్ పాలసీ పత్రిక రాసింది. దానికి జవాబుగా ఏప్రిల్ 8న మన వాళ్ళు కొన్ని రాడార్ ఫోటోలు చూపించి, ఇంకా గట్టి ఆధారాలున్నాయి గానీ సెక్యూరిటీ కారణాల వల్ల బయటపెట్టట్లేదు అన్నారు. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్ళవి మూడే కాళ్ళు, మధ్యలో మాలాంటోళ్ళు ఏది నమ్మాలి? అడిగితే దేశద్రోహి అంటారు. కానీ అదే రోజు కాశ్మీర్ బుద్గాంలో మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని మన మిస్సైలే కూల్చేసి ఆరుగురు వాయుసేన వాళ్ళు పోయారే, ఆ నిజం ఎయిర్ చీఫ్ నోటి నుంచి వచ్చేసరికి అక్టోబర్ అయింది, మధ్యలో ఎన్నికలు కూడా అయిపోయాయి. అందుకే సార్ డౌటు.

మళ్ళీ 2025 మేలో సేమ్ సినిమా. 8వ తారీఖు రాత్రి పాక్ పైలట్ దొరికాడు అని మన ఛానళ్ళు ఊగిపోయాయి, అటువైపు నుంచి మన లేడీ పైలట్ దొరికిందని పోస్టులు. వాళ్ళది అబద్ధమని మన ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ వెంటనే చెప్పింది, బాగుంది, మరి మన ఛానళ్ళు పట్టుకున్న ఆ పైలట్ ఏమైనట్టు? మర్నాడు మీ శాఖ లైవ్ కవరేజ్ చేయొద్దని అడ్వైజరీ ఇచ్చింది గానీ లేని ఖైదీని పుట్టించొద్దని ఒక్క ముక్క అనలేదు. అప్పటికి నిజంగా పాకిస్తాన్ చేతిలో ఉన్నది ఫిరోజ్‌పూర్ దగ్గర పొరపాటున సరిహద్దు దాటిన బీఎస్ఎఫ్ జవాను ఒక్కడే, ఆయన మే 14న గానీ ఇంటికి రాలేదు. ఆయన ఇంట్లో వాళ్ళు ఆ రాత్రి టీవీ చూసుంటే ఎలా ఉండుంటుంది సార్? పైలట్ దొరికాడంట, మార్పిడి చేస్తారేమో అని ఆశ పడి ఉండరా?

నేను అడిగేవి రెండే. 2019 నాటి ఆ గట్టి ఆధారాలు ఇన్నేళ్ళ తర్వాతైనా పార్లమెంటు ముందు పెట్టండి, అందరికీ కుదరకపోతే కనీసం రక్షణ స్టాండింగ్ కమిటీకి పెట్టండి. రెండోది, ఎవరైనా దొరికారు అని మన టీవీలో వస్తే అవునో కాదో గంటలో చెప్పే ఆఫీసర్ ఒకర్ని పెట్టండి. జవాబు హిందీలో ఇచ్చినా పర్లేదు, చదివించుకుంటాను.

ఇట్లు,
పన్ను కట్టే ఒక తెలుగోడు