మా మడుల మట్టిలో కాడ్మియం పరీక్ష జరిపించండి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

పెన్నా డెల్టాలో వరి పండించే రైతుగా ఈ విన్నపం చేసుకుంటున్నాను. మా పంటకాలువకు ఎగువన పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఒకటి నడుస్తోంది. వాన పడిన మర్నాడు అక్కడి మురుగు నల్లటి తెట్టెగా మా మడుల్లోకి దిగుతోంది.

సీసం చాలావరకు వరి వేళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఆకుకూరల మీద పడే దుమ్ము సంగతి వేరనుకోండి. నా భయమంతా కాడ్మియం అనే విష లోహం గురించే. మాంగనీసు వెళ్లే దారినే అది వరి వేరులోకి చొరబడుతుంది. వేరు కణాల లోపలి సంచుల్లాంటి రిక్తికల్లో చిక్కుకున్నది పోగా మిగిలినది నీటిని పైకి మోసే దారువు గుండా కాండం కణుపులకూ, అక్కడి నుంచి ఆహారాన్ని మోసే పోషక కణజాలం గుండా గింజకూ చేరుతుంది. ఆర్సెనిక్ అనే మరో విషం సిలికాన్ వెళ్లే దారిన వేరులోకి చేరుతుంది. మడిలో నీరు నిలిస్తే గింజలో ఆర్సెనిక్, ఆరగడితే కాడ్మియం పెరుగుతాయి కనుక, మడిని మార్చి మార్చి తడిపి ఆరగట్టే తడి-పొడి పద్ధతి సలహా అన్ని పొలాలకూ ఒకేలా చెల్లదు. జపాన్‌లోని జింజు నది పరీవాహక ప్రాంతంలో కాడ్మియం బియ్యం తిన్నవారి ఎముకలు గుల్లబారడాన్ని అక్కడి ప్రభుత్వం 1968లో కాలుష్య వ్యాధిగా గుర్తించింది.

భూసార కార్డులోని 12 అంశాల్లో జింకు, బోరాన్ ఉన్నాయి గానీ సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఈ మూడూ లేవు. మట్టి సంచి పట్టుకుని పరీక్షకు వెళితే, ‘అవి మేం చూడం’ అని తిప్పి పంపారు.

కోతలకు ముందే మట్టి, కాలువ నీరు, గింజల నమూనాలు తీయించి, పాలిష్ బియ్యంలో కాడ్మియంకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన కిలోకు 0.4 మిల్లీగ్రాముల హద్దుతో పోల్చి, ఫలితాలను రైతు సేవా కేంద్రంలో అంటించేలా ఆదేశించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కాలువ చివరి ఆయకట్టు రైతు