కుడిచేతి చూపుడువేలు

కాజీపేట,
ఆదివారం.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి శ్రావణిని బాపు ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నీవు, అల్లుడు గారు, మీ ఇంట్లో కొత్తగా చేరిన ఆ చిన్న ప్రాణం కూడా క్షేమమని తలుస్తాను. చేతిలో ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఫోనులోనైతే నేను రెండో మాట ఎత్తేలోపే "మంచిగనే ఉన్నం బాపూ, మీటింగున్నది, మల్ల చేస్త" అని పెట్టేస్తావు. కాగితాన్ని అలా మధ్యలో పెట్టేయడం కుదరదు కాబట్టి, ఈ రాత్రి బండికి బెంగళూరు వస్తున్న మన సుధాకర్ కొడుకు చేతికి సకినాల డబ్బాతో పాటు దీన్ని ఇచ్చి పంపుతున్నాను. సంక్రాంతి కాని రోజుల్లో సకినాలేమిటని అడగకు. మీ అమ్మకు మూకుడు పొయ్యి మీద పెట్టడానికి ఒక సాకు కావాలి, ఈసారి ఆ సాకు నీవు.

ప్రత్యేకంగా రాయవలసిన సంగతి ఏదీ లేదు. వానలు బాగానే పడ్డాయి. వడ్డేపల్లి చెరువు నిండుగా ఉన్నది, నా పొద్దుటి నడక మాత్రం కట్ట మీది బురద వల్ల సగానికి తగ్గింది. మీ హంపి ఫోటోలన్నీ చూశాము. విఠలాలయం రాతిరథం ముందు మీరిద్దరూ నిలబడిన ఫోటోను మీ అమ్మ హసన్‌పర్తి చిన్నమ్మకు పంపితే, ఆమె కొంగుముడి విప్పి యాభై రూపాయల నోటు తీసి, దాని వెనుక ఉన్న రథమూ ఇదీ ఒకటేనా కాదా అని పోల్చి చూసి మరీ ఫోను చేసింది. వచ్చేదారిలో టీ కొట్టు బల్ల కింద ఆ కుక్కపిల్ల దొరకడం, అల్లుడు గారు దాన్ని తువ్వాలులో చుట్టి కారులో పెట్టుకోవడం, అది దారిపొడవునా నీ ఒడిలోనే నిద్రపోవడం, ఇవన్నీ నీవు చెప్పినప్పుడు మీ అమ్మ పైకి విసుక్కున్నా రెండోసారి చెప్పించుకుని విన్నది. పడుకున్నప్పుడు చుట్ట చుట్టుకుంటుందని దానికి సకినం అని పేరు పెట్టావట. నేను చేసే సకినాలు కుక్కపిల్లలా కనబడ్డాయా దానికి అని మీ అమ్మ ఒక పూటంతా అలిగి, మరునాటి నుంచి "సకినం తిన్నదా" అని అడగడం మొదలుపెట్టింది.

గురువారం నీవు స్టేటస్‌లో పెట్టిన ఫోటో కూడా బాగున్నది. దాని గదవ కింద నీ చెయ్యి ఉన్నది, ఆ చేతి చూపుడువేలికి కట్టు ఉన్నది. అడిగితే ఉల్లిగడ్డ కోస్తుంటే చాకు తగిలిందన్నావు. సరేనన్నాను.

కుక్కపిల్లను తెచ్చుకున్నందుకు నాకేమీ అభ్యంతరం లేదు. జగిత్యాల బావగారు మాత్రం పూజగది ఉన్న ఇంట్లో కుక్క ఏమిటని నాకు ఫోను చేసి బాధపడ్డారు. కాలభైరవుడి వాహనమే కుక్క కదా బావగారూ అంటే కాసేపు మాట్లాడలేదు. మీరిద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ, అంట్లు ఎవరు తోమాలి, అర్ధరాత్రి అది కుంయ్ కుంయ్ మంటే ఎవరు లేవాలి అని వంతులు వేసుకుంటున్నారని విన్నాను. వంతులు మంచివే. అయితే రాత్రి వంతు ఎప్పుడూ అల్లుడు గారిదే కావడం న్యాయం కాదు, ఆయన తెల్లవారుజామున ఐదింటికే దాన్ని కిందికి తీసుకువెళుతున్నారని స్వప్న చెప్పింది. టీకాలు పూర్తికాకుండా దాన్ని నలుగురు తిరిగే నేల మీద వదలవద్దని ఆయనకు చెప్పు. పార్వో అనే జబ్బు నేల మీద నెలల తరబడి బతికి ఉంటుందట, చిన్న కుక్కపిల్లలకు అది తగిలితే నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, ఆ తరువాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి, నులిపురుగుల మందు మూడు నెలల వరకు పదిహేను రోజులకొకసారి పట్టించాలి. ఆవుపాలు గిన్నె నిండా పోయకు, అరగదు. ఉల్లిగడ్డ, ద్రాక్ష, చాక్లెట్ దాని దగ్గరికి రానివ్వకు. ఇవన్నీ నాకెలా తెలిసినవని ఆశ్చర్యపోకు. శుక్రవారం హనుమకొండ పశువుల ఆసుపత్రికి వెళ్ళి, పక్కింటివారు కుక్కపిల్లను తెచ్చారని చెప్పి అడిగి వచ్చాను.

ఆ వైద్యుడే మరొక సంగతి చెప్పాడు. కుక్కపిల్లకు రేబిస్ టీకా మూడు నెలలు నిండితే గాని వేయరట. మీ సకినానికి రెండు నెలలే. పైగా బల్ల కింద దొరికినది, తల్లి ఎక్కడిదో, తల్లిని ఏ కుక్క కరిచిందో ఎవరికి తెలుసు? దాని పాలపళ్ళు ఇరవై ఎనిమిదీ సన్నగా, మొనదేలి ఉంటాయి, నాలుగో నెలలో ఊడడం మొదలై ఆరేడు నెలలకు పెద్దపళ్ళు వస్తాయి, అందాకా కనబడినదల్లా కొరుకుతుంది, అది దాని తప్పు కాదు. తడి గుడ్డను చల్లగా చేసి ఇవ్వాలి గాని వేళ్ళు ఇవ్వకూడదు.

మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నీవు పుట్టినప్పటి నుంచి కుడిచేతి వాటమే. చాకును కుడిచేత్తో పట్టుకుని ఉల్లిగడ్డ కోస్తే తెగవలసినది ఎడమచేతి వేలు. నేను ముప్పై ఏళ్ళు రైలు గార్డు ఉద్యోగం చేసినవాణ్ణి, బండి కదిలే ముందు చివరిదీపం నుంచి సీలు దాకా చూసుకోవడం అలవాటైనవాణ్ణి, కూతురి వేలు చూసుకోనా?

ఉద్యోగం మాట వచ్చింది కాబట్టి మీ ప్రయాణం గురించి కూడా రాస్తాను. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి సకినంతో సహా వస్తామన్నారు. రండి. కాని రైలులో కుక్కను స్లీపరులో గాని, ఏసీ రెండు, మూడు తరగతుల్లో గాని వెంట కూర్చోబెట్టుకోనివ్వరు. ఫస్టు ఏసీలో ఇద్దరు పడుకునే కూపే గాని, నలుగురి క్యాబిన్ గాని మొత్తం మీ పేరనే ఉంటే తీసుకురావచ్చు. లేకపోతే పార్సిలు ఆఫీసులో డబ్బు కట్టి బ్రేకు వ్యానులోని కుక్కల పెట్టెలో వేయాలి, అది గార్డు అధీనంలో ఉంటుంది. 2022 నుంచి గార్డును ట్రైన్ మేనేజర్ అంటున్నారు గాని, ఆ పెట్టె మాత్రం అదే పెట్టె. రంధ్రాలున్న ఇనుప తలుపు, లోపల చీకటి, కింద పట్టాల మోత. పెద్ద పెద్ద ఆల్సేషన్లే అందులో గజగజ వణకడం చూశాను, స్టేషను వచ్చినప్పుడల్లా నా సీసాలోని నీళ్ళు మూతలో పోసి పెట్టేవాణ్ణి. రెండు మూడు నెలల పిల్లను అందులో వేస్తామంటే నేను ఒప్పుకోను. కారులోనే రండి, రెండు గంటలకొకసారి ఆపండి, ఎండలో కారులో వదిలి టిఫినుకు వెళ్ళకండి. వచ్చాక ఈసారైనా అల్లుడు గారికి రామప్ప చూపించు. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తించింది, ప్రపంచమంతా వచ్చి చూస్తున్నది, మనింటి అల్లుడు మాత్రం హంపి చూశాడు గాని రామప్ప చూడలేదు.

మీ సత్యం కాక కుక్కను చూస్తే ఎందుకు అరుగు ఎక్కి నిలబడతాడో నీకు ఎప్పుడూ చెప్పలేదనుకుంటాను. అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు. అది 1976 ఎండాకాలం సంగతి. మేము జమ్మికుంటలో ఉండేవాళ్ళం. వాడికి ఎనిమిదేళ్ళు ఉంటాయి. పత్తి మిల్లు వెనుక నుంచి ఒక కుక్కపిల్లను పట్టుకొచ్చి, తాటినార తాడుతో పశువుల కొట్టంలో కట్టేసి, మీ తాతకు తెలియకుండా తన వంతు గట్కలో సగం దానికి పెట్టేవాడు. వారం తిరగకముందే అది వాడి మడమ మీద కొరికింది. పెద్దగా ఏమీ లేదు, నాలుగు చుక్కల నెత్తురు. మీ నాయినమ్మ సున్నమూ పసుపూ కలిపి పెట్టి, పిల్లకు విషముంటుందా, పెద్ద కుక్కకు గదా అన్నది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ అదే మాట అన్నారు. అదే పిల్ల మిల్లు కావలి కొమురయ్య చేతిని కూడా కొరికింది, ఆయన పసరు పోయించుకుని బీడీ ముట్టించుకుని మిల్లుకు పోయాడు. మూడో నాటికి పిల్ల నీళ్ళు ముట్టడం మానేసింది. నోటివెంట చొంగ కారుతూ, ఎదురుగా ఉన్న గుంజను పట్టుకుని కొరికేది. ఐదో నాడు చచ్చిపోయింది.

మీ తాత ఎవరినీ ఒక్క మాట అనలేదు. సత్యాన్ని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని స్టేషనుకు తీసుకుపోయి, ప్యాసింజరు ఎక్కించి వరంగల్ పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాడు. ఆ రోజుల్లో గొర్రె మెదడు నుంచి తీసిన మందు, బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు సూదులు. మట్టెవాడలో పెద్దనాయిన ఇంట్లో దిగారు. నన్ను కూడా తోడు పంపారు. పొద్దున్నే చొక్కా పైకి ఎత్తి పట్టుకుని వరుసలో నిలబడేవాడు, పక్కన నిలబడి వాడి రెండు చేతులు పట్టుకోవడం నా పని. సగం రోజులు గడిచేసరికి కడుపు మీద సూది పెట్టడానికి వాచని చోటు లేదు. రోజూ బయటికి వచ్చాక గోలీసోడా కొనిపిస్తేనే మరునాడు వస్తాననేవాడు. మీ తాత కొనిపించాడు, బీడీలు మానుకుని కొనిపించాడు. వాడు బతికాడు, మీ పెళ్ళిలో బరాతు ముందు డాన్సు చేశాడు. కొమురయ్య బోనాల నాటికి పోయాడు. నీళ్ళ చెంబు చూపిస్తే ఆయన పడిన అవస్థను గోడ మీది నుంచి తొంగిచూశాను, అది నీకు రాయను.

ఇప్పుడు ఆ బాధ ఏదీ లేదు బిడ్డా. ఆ మందును మన దేశంలో 2005 నాటికే ఆపేశారు. ఇప్పటి సూది భుజానికి, చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదని చెబుతున్నారు. కండరానికి ఇస్తే మొదటి రోజు, దాన్ని సున్నాగా లెక్కపెట్టి ఆ తరువాత మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిదో రోజున ఇస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మం పొరలోకి ఇస్తే పద్నాలుగో రోజుది ఉండదు. నెత్తురు వచ్చిన గాయమైతే గాయం చుట్టూ రేబిస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే సీరం కూడా వేయాలి, అది వేయించుకోకుండా ఉత్త టీకాతో సరిపెట్టుకుని రావద్దు. కరిచిన వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. నీవు కడిగావో లేదో నాకు తెలియదు, కడగకపోయినా ఇప్పుడు కడుగు. ఆలస్యమైంది కదా, ఇంకెందుకు అనుకోవద్దు, ఈ జబ్బు బయటపడడానికి సాధారణంగా నెల నుంచి మూడు నెలలు పడుతుంది, బయటపడ్డాక మాత్రం వైద్యం లేదు. కట్టు గట్టిగా కట్టవద్దు, గాలి తగలనివ్వు. పసుపు, కాఫీపొడి వంటివి పెట్టవద్దు.

ఇక దాచడం దేనికి? స్వప్న శుక్రవారం నాడు చెప్పింది. కొరికింది సకినమేనట, అల్లుడు గారు ఆసుపత్రికి పదమంటే నీవు కదలలేదట, దాని మీద మీ ఇద్దరికీ రెండు రోజులు మాటల్లేవట, ఆయన వంట చేసి నీ పళ్ళెం మూతపెట్టి ఆఫీసు గదిలోకి పోతున్నారట. స్వప్న మీద కోపం తెచ్చుకోకు, అది చెప్పకపోయినా నీ వేలు చెప్పింది. ఆసుపత్రిలో చీటీ రాస్తే అపార్టుమెంటు వాళ్ళకు తెలిసి పిల్లను వదిలేయమంటారని నీ భయమని కూడా చెప్పింది. వైద్యుడు పిల్లను ఎవరికీ పట్టివ్వడు, పది రోజులు దాన్ని కనిపెట్టి చూడమంటాడు, అంతే. పది రోజులూ అది తిని తిరుగుతుంటే మిగిలిన సూదుల సంగతి ఆయనే తేలుస్తాడు. పెంపుడు జంతువులను ఉంచుకోవద్దనే అధికారం అపార్టుమెంటు సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే రాతపూర్వకంగా ఇచ్చింది, ఆ కాగితం సుధాకర్ కొడుకు ఇంటర్నెట్టులోంచి తీసి ఇచ్చాడు, డబ్బా అడుగున పెట్టాను. అప్పటికీ గొడవ చేస్తే పిల్లను ఇక్కడికి పంపు. పెరట్లో జామచెట్టు కింద చోటున్నది, బావగారి పూజగది ఇక్కడ లేదు.

అల్లుడు గారితో నీవే ముందు మాట్లాడు. ఈ విషయంలో నేను ఆయన పక్షం, ఇంకో విషయంలో నీ పక్షం ఉంటాను.

ఈ ఉత్తరం చేతికి అందగానే ఆసుపత్రికి వెళ్ళు. సెలవు పెట్టు. మీటింగు ఉంటే ఉండనీ. కార్డు మీద చర్మంలోకి ఇచ్చారో, కండరానికి ఇచ్చారో స్పష్టంగా రాయించు, బతుకమ్మకు వచ్చేటప్పటికి ఏదైనా మోతాదు మిగిలి ఉంటే ఆ కార్డు చూపించి ఇక్కడ నేను వేయిస్తాను. సకినాలలో వాము కొంచెం ఎక్కువైంది, మీ అమ్మతో ఆ మాట అనకు. డబ్బా మూత సరిగా పెట్టు, పిల్ల తలదూరుస్తుంది.

కార్డును రెండు వైపులా ఫోటో తీసి పంపు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టవద్దు, మీ అమ్మ ఫోనుకు అసలే పంపవద్దు. నేను ఫోను చేసినప్పుడల్లా ఆమె పక్కనే కూర్చుని స్పీకరు పెట్టమంటుంది, అందుకే ఈ కాగితం. ఆమెకు ఉల్లిగడ్డ కథే తెలుసు. నా ఫోనుకు పంపు.

ఆశీస్సులతో,
బాపు