ఓట్ల లెక్కతో అమ్మిన ఇళ్లు: వెస్ట్‌మినిస్టర్ సర్‌చార్జి మనకెందుకు

సంపాదకులకు నమస్కారం.

నగరపాలక సంస్థల్లో అవినీతి గురించి మాట మొదలైతే కాంట్రాక్టులు, కమీషన్లు, బినామీ బిల్లుల దగ్గరే చర్చ ఆగిపోతోంది. ఒక్క పైసా జేబులో వేసుకోకుండానే ఊరి సొమ్ముకు కోట్లలో నష్టం తెచ్చిన నాయకులు కూడా ఉంటారు. అలాంటి నష్టాన్ని నాయకుల సొంత ఆస్తి నుంచి రాబట్టే ఆయుధం ఆడిట్ చట్టంలోనే ఉంది. దాన్ని సర్‌చార్జి అంటారు. లండన్ నడిబొడ్డున ఉన్న వెస్ట్‌మినిస్టర్ సిటీ కౌన్సిల్‌కు 1983 నుంచి 1991 వరకు నాయకురాలిగా ఉన్న షర్లీ పోర్టర్ రాజకీయ జీవితం దీనికి తిరుగులేని ఉదాహరణ. మన స్థానిక సంస్థల ఆడిట్ బ్రిటిష్ పద్ధతి మీదే నిలబడింది కాబట్టి అక్కడ ఏం జరిగిందో వివరంగా తెలుసుకోవాలి.

ముందుగా ఒక తేడా చెప్పాలి. అక్కడ లార్డ్ మేయర్ అంటే సభా మర్యాదలకే. పగ్గాలు మెజారిటీ పార్టీ నాయకుడి చేతిలో ఉంటాయి. మన కార్పొరేషన్లలో మేయర్‌కు పేరు, కమిషనర్‌కు సంతకం. అక్కడి నాయకుడికి కమిటీల మీద, అధికారుల మీద పట్టు చాలా ఎక్కువ.

టెస్కో దుకాణాలు స్థాపించిన జాక్ కోహెన్ కూతురు షర్లీ పోర్టర్. కన్సర్వేటివ్ పార్టీ తరఫున 1974లో హైడ్ పార్క్ వార్డు నుంచి గెలిచారు. మొదట పేరు తెచ్చుకున్నది వీధుల శుభ్రత మీద. చెత్త తీత, రోడ్ల పనులు చూసే కమిటీలో ఆమె పట్టుదలను ప్రత్యర్థులు కూడా కాదనలేకపోయారు. పన్ను తక్కువ ఉండాలి, కౌన్సిల్ ఖర్చు తగ్గాలి, వీధి అద్దంలా ఉండాలి. ఆమె రాజకీయమంతా ఇదే, జనం మెచ్చిందీ ఇదే. ఇందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు.

మలుపు 1986 మే ఎన్నికల్లో వచ్చింది. 60 స్థానాల్లో కన్సర్వేటివ్‌లకు 32, ప్రత్యర్థి పార్టీ లేబర్‌కు 27, ఒక స్వతంత్ర సభ్యురాలు. అంటే నలుగురి మెజారిటీ. తర్వాతి ఎన్నిక 1990లో. ఆ నాలుగేళ్లలో ఎనిమిది వార్డులను గుర్తించి వాటికి ‘కీలక వార్డులు’ అని పేరు పెట్టారు. బేస్‌వాటర్, మైడా వేల్, మిల్‌బ్యాంక్ లేబర్ తక్కువ తేడాతో గెలిచినవి. సెయింట్ జార్జెస్, విక్టోరియా, కావెండిష్ లేబర్ తక్కువ తేడాతో ఓడినవి. మిగతా రెండూ వెస్ట్ ఎండ్, హామిల్టన్ టెరేస్. నివాసాల మీద ఒత్తిడి ఎక్కువై జనాభా తరిగిపోతున్న వార్డులు ఇవేనని బయటకు చెప్పారు. ఒత్తిడి లెక్కలు నిజంగా చూస్తే జాబితా వేరుగా ఉండేది. ఆ సంగతి కౌన్సిల్ లోపలి కాగితాల్లోనే దొరికింది.

అసలు పనిముట్టు ఇళ్ల అమ్మకం. కౌన్సిల్ ఇంట్లో అద్దెకుంటున్నవారు ఆ ఇంటిని కొనుక్కునే హక్కు 1980 చట్టంతోనే వచ్చింది. ఇక్కడ జరిగింది అది కాదు. అద్దెదారు ఖాళీ చేసిన ఇంటిని వెయిటింగ్ లిస్టులో ఉన్న పేద కుటుంబానికి ఇవ్వకుండా, ఇనుప తలుపు బిగించి, రాయితీ ధరకు బయటి కొనుగోలుదారుకు అమ్మారు. ఏడాదికి 500 అమ్మాలని లక్ష్యం, అందులో 250 కీలక వార్డుల్లోనే. ఇంటికి రెండు ఓట్లు అనుకుంటే 250 ఇళ్లకు 500 ఓట్లు. ఎనిమిది వార్డులకు పంచితే వార్డుకు ఏటా అరవై పైచిలుకు, మూడేళ్లకు నూట ఎనభై పైన. కొత్తగా వచ్చే ఓటు ఒక ఎత్తు, ఆ ఇంట్లోకి రావాల్సిన పేద కుటుంబం ఓటు రాకపోవడం ఇంకో ఎత్తు. అంచున ఉన్న వార్డులో ఫలితం మార్చడానికి ఇది చాలు.

ఇక్కడ జరిగిన ఒక చిన్న పనిలోనే కేసంతా ఉంది. కీలక వార్డుల్లో మాత్రమే అమ్మవచ్చా అని 1987 మేలో ఒక సీనియర్ న్యాయవాదిని సలహా అడిగారు. కుదరదు, నగరమంతటి అవసరాలు చూసి నిర్ణయించాలి అన్నది ఆయన సమాధానం. బుద్ధిగా ఆగి ఉంటే అక్కడితో పోయేది. ఆగలేదు. కీలక వార్డుల్లో 250 ఇళ్ల లక్ష్యాన్ని అలాగే ఉంచి, చుట్టూ మిగతా వార్డులను కూడా చేర్చి, ‘నగరమంతటి పథకం’ అని 1987 జూలైలో హౌసింగ్ కమిటీ చేత ఆమోదింపజేశారు. పెద్ద సంఖ్య వెనుక చిన్న సంఖ్య దాగింది. చట్టవిరుద్ధమని ముందే తెలుసు, తెలిసే చేశారు అనడానికి తర్వాత కోర్టుకు ఈ ఒక్క సంగతే బలమైన ఆధారమైంది. ఫైల్లో న్యాయసలహా ఉంటే రక్షణ అనుకునే కార్పొరేటర్లు, అధికారులు మన దగ్గరా చాలామంది ఉన్నారు. సలహాను పాటించకపోతే ఆ కాగితమే ఎదురు తిరుగుతుంది.

ఇళ్లు అమ్ముడుపోతుంటే నిలువ నీడలేని కుటుంబాలను ఎక్కడ పెట్టాలి? నూరుకు పైగా కుటుంబాలను హెర్మిస్ పాయింట్, చాంట్రీ పాయింట్ అనే రెండు ఎత్తైన భవనాలకు పంపారు. వాటిలో ఊపిరితిత్తులకు ప్రమాదకరమైన ఆస్‌బెస్టాస్ ఉందని కౌన్సిల్‌కు ముందే తెలుసు. ఆ భవనాలున్న వాల్టర్టన్-ఎల్గిన్ కాలనీల నివాసులు మాత్రం చేతులు కట్టుకు కూర్చోలేదు. కౌన్సిల్ ఇళ్లను వేరే యజమానికి మార్చుకునే వీలిస్తూ కన్సర్వేటివ్ ప్రభుత్వమే తెచ్చిన 1988 హౌసింగ్ చట్టాన్ని పట్టుకుని, సొంత సంస్థ పెట్టుకుని, 1992లో 921 ఇళ్లను కౌన్సిల్ చేతుల్లోంచి తమ చేతుల్లోకి తెచ్చుకున్నారు. కాలనీ సంఘాలు నడిపే మనవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

శ్మశానాల సంగతి కూడా చెప్పాలి. 1987లో హాన్‌వెల్, మిల్ హిల్, ఈస్ట్ ఫించ్లీలలోని మూడు శ్మశానవాటికలను ఒక్కొక్కటి 5 పెన్నీలకు, మొత్తం 15 పెన్నీలకు అమ్మేశారు. నిర్వహణ ఖర్చు తప్పించుకోవడం ఉద్దేశం. వాటితో పాటు విలువైన భూమి, ఇళ్లు కూడా పోయాయి. సమాధులు చూసుకునేవారు లేక బంధువులు గోల పెట్టారు. 1992లో కౌన్సిల్ అదే 15 పెన్నీలకు శ్మశానాలను వెనక్కి తీసుకుంది గానీ, విలువైన భూమి మాత్రం తిరిగి రాలేదు. ఆస్తిని బదలాయించేటప్పుడు వాడకపు భూమి వేరు, విడిగా అమ్ముకోగల భూమి వేరు అని షెడ్యూలులో విడదీసి విలువ కట్టకపోతే జరిగేది ఇదే. లీజుల ఫైళ్లు చూసే మునిసిపల్ సిబ్బంది ఈ ఒక్క ముక్క పట్టుకున్నా మేలు.

1990 ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లకు 45, లేబర్‌కు 15 స్థానాలు వచ్చాయి. అయితే అది ఇళ్ల అమ్మకం వల్లే అనడం తొందరపాటు. ఆ ఏడాది పోల్ టాక్స్, అంటే మనిషికి ఇంత అని కౌన్సిల్ వేసే పన్ను, వెస్ట్‌మినిస్టర్‌లో తలకు 195 పౌండ్లే. ఇంగ్లండ్ సగటుతో పోలిస్తే చాలా తక్కువ, కేంద్ర గ్రాంటు అందుకు తోడ్పడింది. ఆమె చేసిన పనిలో అన్నిటికన్నా విచారకరమైనది ఇదే అనిపిస్తుంది. తక్కువ పన్ను, శుభ్రమైన వీధులు అని చెప్పుకునే గెలవగలిగిన నాయకురాలు అవసరం లేని దారి తొక్కారు. 1991లో డేమ్ బిరుదు, ఆ వెంటనే లార్డ్ మేయర్ పదవి వచ్చాయి. 1993లో కౌన్సిల్ వదిలేశారు.

ఆమె వదిలినా ఆడిట్ వదల్లేదు. ఇంగ్లండ్‌లో ఏ ఓటరైనా లెక్కల పుస్తకాలు చూసి ఆడిటర్‌కు అభ్యంతరం ఇవ్వవచ్చు. 1989లో కొందరు వెస్ట్‌మినిస్టర్ ఓటర్లు ఇచ్చారు. జిల్లా ఆడిటర్ జాన్ మాగిల్ వేల పేజీల పత్రాలు తిరగేసి, సాక్షులను విచారించి, 1996 మేలో ఆరుగురి మీద 3 కోట్ల 16 లక్షల పౌండ్ల సర్‌చార్జి రాశారు. వారిలో పోర్టర్, ఉపనాయకుడు డేవిడ్ వీక్స్‌తో పాటు ఉన్నతాధికారులు కూడా ఉన్నారు. లెక్కలో ముఖ్య భాగం ఇళ్ల మార్కెట్ విలువకు, రాయితీతో అమ్మిన ధరకు మధ్య తేడా. దాని మీద వడ్డీ. 1997లో హైకోర్టు నలుగురిని వదిలేసి, పోర్టర్, వీక్స్‌లను మాత్రం బాధ్యులను చేసి మొత్తాన్ని 2 కోట్ల 65 లక్షలకు తగ్గించింది. 1999లో అప్పీలు కోర్టు ఇద్దరు-ఒకరుగా విడిపోయి వారినీ వదిలేసింది. 2001 డిసెంబరులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు ఐదుగురూ ఏకగ్రీవంగా సర్‌చార్జిని నిలబెట్టారు. తాను తప్పు చేయలేదన్నదే పోర్టర్ మాట.

తీర్పు సారం తెలుగులో ఇలా చెప్పవచ్చు. ఎన్నికైన నాయకుడు తన విధానం జనానికి నచ్చి ఓట్లు రావాలని కోరుకోవడం తప్పు కాదు. కానీ ఇళ్లు అమ్మే అధికారం చట్టం ఇచ్చింది ఇళ్ల అవసరాల కోసం. పార్టీకి ఓట్లు తెచ్చుకోవడానికి ఆ అధికారాన్ని వాడితే అది అధికార దుర్వినియోగమే. జేబులోకి డబ్బు వెళ్లకపోయినా ఇది రాజకీయ అవినీతే అని ఒక న్యాయమూర్తి స్పష్టంగా రాశారు.

ఈ కేసులో ఆడిటర్లు నేర్చుకోవాల్సింది మరొకటి ఉంది. మాగిల్ 1994 జనవరిలో తన తాత్కాలిక అభిప్రాయాలను పత్రికా సమావేశం పెట్టి ప్రకటించారు. ప్రతివాదుల లాయర్లు పక్షపాతం అని పట్టుకున్నది దాన్నే. ఆ సమావేశం పెట్టకుండా ఉండాల్సిందని లార్డ్స్ కూడా అన్నారు. అయినా కేసు నిలబడింది. ఆ సందర్భంలో వారు చెప్పిన కొలమానం, అంటే సంగతులన్నీ తెలిసిన నిష్పాక్షిక మనిషికి పక్షపాతం జరిగే నిజమైన అవకాశం కనిపిస్తుందా అన్నది, మన దేశపు తీర్పుల్లోనూ ఉటంకిస్తున్నారు. సంజాయిషీ అడిగే షోకాజ్ దశలోనే ఆడిట్ పేరా, అంటే ఆడిట్ అభ్యంతరం, పత్రికకెక్కితే పదేళ్ల శ్రమ గాలిలో దీపమవుతుంది.

చివరకు 2004లో కోటి 23 లక్షల పౌండ్లకు రాజీ కుదిరింది. వడ్డీతో కలిపి రావాల్సింది 4 కోట్లు దాటి ఉండగా, తన పేరిట 3 లక్షల పౌండ్లే ఉన్నాయని ఆమె చెబుతూ వచ్చారు. విదేశాల్లోని ట్రస్టుల్లో ఉన్న ఆస్తి జాడ తీస్తే తప్ప ఆ మాత్రమూ రాలేదు. అభ్యంతరం నుంచి వసూలుకు పదిహేనేళ్లు. ఈలోగా బ్రిటన్ 2000 నాటి చట్టంతో కౌన్సిలర్ల సర్‌చార్జినే ఎత్తేసింది, స్థానిక సంస్థలకు ఆడిటర్లను నియమించే ఆడిట్ కమిషన్‌ను 2015లో మూసేసింది. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో వందలాది స్థానిక సంస్థల లెక్కలు ఆడిట్ కాక ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. అది మనం నేర్చుకోకూడని పాఠం.

మనకు సర్‌చార్జి ఇంకా ఉంది. 1989 నాటి ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఆడిట్ చట్టం దానికి ఆధారం, తెలంగాణకూ అదే వచ్చింది. లోపం అమలులో. ఆడిట్ పేరాలు ఏళ్లకొద్దీ ‘జవాబు రావలసి ఉంది’ దగ్గరే నిలిచిపోతాయి. అసలు ఫైలు, తీర్మానం కాపీ ఆడిట్‌కు అందవు. అందినా నష్టం లెక్క కట్టేచోట మార్కెట్ విలువ ఆధారం ఉండదు. ఆలోగా బాధ్యుడు బదిలీ అవుతాడు, రిటైరవుతాడు, లేదా పదవీకాలం ముగుస్తుంది. 2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో 150 డివిజన్లలో ఏ పార్టీకీ సొంత మెజారిటీ రాలేదు. ఇళ్ల కేటాయింపు, స్థలాల లీజు, వార్డు నిధుల పంపకం లాంటివి డివిజన్ల లెక్క చూసి చేయాలన్న ఆశ పుట్టేది ఇలాంటి సభల్లోనే.

కాబట్టి ప్రభుత్వాలకు మూడు విన్నపాలు. కార్పొరేషన్ వార్షిక ఆడిట్ నివేదికను పూర్తిగా వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఇంగ్లండ్‌లో ఇప్పుడు 30 పనిదినాలు ఉన్నట్టు, లెక్కలు చూసి అభ్యంతరం ఇచ్చే గడువును ఓటరుకు చట్టంలోనే కల్పించాలి. కార్పొరేషన్ ఇల్లు గానీ స్థలం గానీ అమ్మినా, లీజుకు ఇచ్చినా డివిజన్ వారీ జాబితాను కౌన్సిల్ ఎజెండాతో జతచేయాలి.

అవి వచ్చేదాకా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. జిల్లా ఆడిట్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ఆర్థిక సంవత్సరం పేర్కొని నాలుగే అడగండి: మీ మునిసిపాలిటీ ఆడిట్ నివేదిక ప్రతి, పెండింగ్ పేరాల సంఖ్య, జారీ అయిన సర్‌చార్జి సర్టిఫికెట్ల జాబితా, వాటిలో వసూలైన సొమ్ము. ‘ఎందుకు వసూలు చేయలేదు’ అని ప్రశ్న రాయకండి. కారణాలు అడిగితే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. రికార్డు ప్రతి అడిగితే 30 రోజుల్లో ఇవ్వక తప్పదు. నాలుగో ప్రశ్నకు వచ్చిన జవాబును పాఠకులు ఈ పత్రికకు పంపితే జిల్లా పేజీలో అచ్చువేయగలరని సంపాదకులను కోరుతున్నాను.

— స్థానిక నిధుల ఆడిట్‌లో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి, హనుమకొండ