సెలవుల్లో నాలుగు రాళ్ళు

ఒరేయ్ మాస్టారూ,

నీ ఉత్తరం అందింది. పరీక్షలు అయిపోయాయన్న సంతోషం కంటే సెలవులు ఎలా గట్టెక్కాలన్న టెన్షనే అందులో ఎక్కువగా కనిపించింది. పైగా యూట్యూబ్ ఛానెల్, ఆన్‌లైన్ కోర్సు, వర్క్‌షీట్లు, ట్యూషన్లు, సమ్మర్ క్యాంపు అని వరసపెట్టి రాసేసి, "వీటిలో ఏది చెయ్యమంటావు?" అన్నావు. నన్నడిగితే సగం ఇప్పుడే కొట్టేస్తాను. కోప్పడకుండా చివరిదాకా చదువు.

ముందు ఒక్కటి తేల్చుకో. డబ్బు ఈ సెలవుల్లోనే చేతికి రావాలా, వచ్చే ఏడాదికి వచ్చినా ఫరవాలేదా? ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్లే చాలామంది టీచర్లు సెలవులన్నీ ధారపోసి, బడి తెరిచేనాటికి అలసట తప్ప ఏమీ మిగుల్చుకోరు. ఇంకోటి, సెలవుల్లో నీకు నిజంగా జీతం ఆగిపోతుందా లేదా ఆఫీసులో కనుక్కో. కొన్నిచోట్ల పది నెలల జీతాన్నే పన్నెండు నెలలకు పరిచి ఇస్తారు. నీది అలాంటి పద్ధతే అయితే ఇంత కంగారు అక్కర్లేదు.

ఇప్పుడు యూట్యూబ్ సంగతి. ప్రకటనల మీద ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గత పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. షార్ట్స్ దారిలో వెళ్తే 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి. అంతా దాటినా వచ్చేది మొదట్లో చిల్లరే. నీకు కెమెరా ముందు మాట్లాడటం సరదా అయితే పెట్టుకో, నేనూ చూస్తాను. ఈ వేసవి ఖర్చులకు మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోకు. రికార్డు చేసి పెట్టే ఆన్‌లైన్ కోర్సుదీ అదే కథ. చెయ్యడం ఒక వంతు పనైతే, కొనేవాళ్ళను వెతుక్కోవడం మూడు వంతులు. రెండోది మన వృత్తి కాదు.

మన వృత్తి ఏమిటో నీకు చెప్పేటంతటి వాణ్ణి కాదు గానీ, ఒకటి ఆలోచించు. లెక్కలు వచ్చినవాళ్ళు ప్రపంచంలో కోట్లమంది. నీ దగ్గరున్నది వేరే సరుకు. పిల్లవాడు అరకి మూడోవంతు కలిపి 2/5 అని రాశాడనుకో. ఇంజినీరైనా సరే, "తప్పు, 5/6 రావాలి" అని దిద్దేసి ఊరుకుంటాడు. నువ్వు మాత్రం వాడు పైవీ కిందవీ విడివిడిగా కూడేశాడని చూడగానే పట్టేస్తావు. అదే 2/6 రాస్తే, వీడికి కింద 6 రావాలని తెలుసు, పై అంకెలు మార్చాలని తెలీదు అని నీకు తెలుసు. 1/6 రాస్తే కూడమంటే గుణించాడని తెలుసు. ముగ్గురివీ తప్పు జవాబులే, మందు మాత్రం మూడు రకాలు. పిల్లలు ఎక్కడ, ఎందుకు తప్పుతారో ఏళ్ళ తరబడి చూసిన కన్ను నీది. సెలవుల్లో అమ్మాల్సింది దాన్నే. కొత్తగా ఏదీ నేర్చుకోనక్కర్లేదు, సామాను కొననక్కర్లేదు.

ఇది నేరుగా డబ్బయ్యే చోటు ట్యూషనే. కానీ "అన్ని సబ్జెక్టులూ చెప్పబడును" అన్న పద్ధతిలో కాదు. వేసవిలో పిల్లలు ఊళ్ళకు పోతారు, చుట్టాలొస్తారు, రెండు నెలల పాటు నికరంగా ఎవడూ రాడు. అందుకని చిన్న కోర్సు పెట్టు. రెండు వారాలు, ఒక్క అంశం. "భిన్నాలు మాత్రమే" అని ఒకటి, "బీజగణితానికి తొలి మెట్టు" అని ఒకటి. తల్లిదండ్రులకు ఏం కొంటున్నారో స్పష్టంగా తెలుస్తుంది, నీకు ప్రిపరేషన్ తగ్గుతుంది. మొదటి రోజు పది ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టి, ఎవడు ఎక్కడ తప్పుతున్నాడో రెండు వాక్యాల్లో రాసి ఇంటికి పంపు. నేను అలా పంపడం మొదలుపెట్టాక ఫీజు గురించి బేరమాడేవాళ్ళు తగ్గారు. వాళ్ళకు అప్పటిదాకా "మీవాడు శ్రద్ధ పెట్టడం లేదు" అని తప్ప ఎవరూ ఏదీ చెప్పి ఉండరు మరి.

ఒక్కడికే చెప్పాలా, గుంపుకా అని కూడా అడిగావు. లెక్కల మాస్టారివి, నీకే వదిలేస్తున్నాను: ఒక్కడికి చెప్పే ఫీజులో సగమే తీసుకుని నలుగురిని కూర్చోబెడితే, అదే గంటకు నీకు రెట్టింపు, వాళ్ళకు సగం ఖర్చు. నలుగురూ దాదాపు ఒకే స్థాయిలో ఉండాలి, అంతే షరతు. స్థాయిలు కలగాపులగం అయితే అది మళ్ళీ మన క్లాసు గదే. సెలవు తీసుకున్నట్టే ఉండదు.

గంట రేటు చెప్పేటప్పుడు అసలు గంటను చూడు. పాఠం గంట, తయారీ అరగంట, రాకపోకలో, లింకు పంపడమో, పేరెంట్స్ మెసేజ్‌లకు జవాబులో ఇంకో అరగంట. అంటే రెండు గంటల పనికి ఒక గంట డబ్బు తీసుకుంటున్నావు. మనవాళ్ళు మొహమాటానికి పోయి ఇక్కడే చితికిపోతారు. కోర్సు మొత్తానికి ముందే తీసుకో. ముందురోజు చెప్పకుండా మానేస్తే ఆ క్లాసు పోయినట్టే అని మొదటి మెసేజ్‌లోనే రాయి. డాక్టరు ఫీజు ముందే కట్టేవాళ్ళు మన దగ్గరికొచ్చేసరికి "చూద్దాంలెండి సార్" అంటారెందుకో!

అయితే పేరెంట్స్‌కు ఆకాశం దించుతానని మాత్రం చెప్పకు. 1984లో బెంజమిన్ బ్లూమ్ అనే విద్యావేత్త, విడిగా పాఠం చెప్పించుకున్న సగటు విద్యార్థి మామూలు క్లాసులో 98 శాతం మంది కంటే ముందుంటాడని రాశాడు. ట్యూషన్ ప్రకటనలు ఇప్పటికీ దాన్నే పట్టుకు వేలాడుతున్నాయి. తర్వాత వచ్చిన పరిశీలనల్లో అంత ప్రభావం కనబడలేదు, మంచి ప్రభావమే ఉందని మాత్రం తేలింది. సెలవుల్లో పిల్లలు అంతా మర్చిపోతారన్న భయాన్నీ అలాగే అమ్ముతుంటారు. 1996లో హారిస్ కూపర్ బృందం 39 అధ్యయనాలను కలిపి చూసి, వేసవిలో సగటున నెల చదువంత వెనకబడతారనీ, లెక్కలు చేయడంలో, స్పెల్లింగులో ఆ నష్టం ఎక్కువనీ చెప్పింది. ఆ కొలతల మీదే తర్వాత వేరే పరిశోధకులు అనుమానాలు లేవదీశారు. కాబట్టి జడిపించి చేర్చుకోవద్దు. చేతకాక కాదు, నీకది నప్పదు.

ఇదంతా మొదలుపెట్టేముందు నీ నియామక పత్రం బయటికి తీసి చదువు. సీరియస్‌గా చెప్తున్నాను. భారతదేశంలో 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదంటుంది. చైనాలో బడిలో పనిచేసే టీచర్లు డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్పడాన్ని 2015లో అక్కడి విద్యాశాఖ నిషేధించింది. ఇంకా కొన్నిచోట్ల నీ క్లాసు పిల్లలకు తప్ప మిగతావాళ్ళకు చెప్పుకోవచ్చు. మరికొన్నిచోట్ల యాజమాన్యం అనుమతి ఉంటే చాలు. అనుమతి ఉన్నా సరే, నీ క్లాసు పిల్లల దగ్గర డబ్బు తీసుకోకు. రేపు వాడికి మార్కులు వేసేది నువ్వే. తక్కువ వేస్తే ఒక మాట, ఎక్కువ వేస్తే పది మాటలు.

ట్యూషన్ కుదరదంటే బాధపడకు, అదే సరుకు ఇంకో అంగట్లో కూడా అమ్ముడుపోతుంది. పరీక్షా సంస్థలకు, పుస్తకాలు వేసేవాళ్ళకు, విద్యా యాప్‌లకు ప్రశ్నలు రాసేవాళ్ళు ఎప్పుడూ కావాలి. బహుళైచ్ఛిక ప్రశ్నలో సరైన జవాబు ఎవడైనా రాస్తాడు. కష్టమంతా మిగతా మూడింటిలో ఉంటుంది. ఇందాకటి అర, మూడోవంతు లెక్కే తీసుకో. 5/6 పక్కన 17, 43 లాంటివి పెడితే చదవనివాడు కూడా జవాబు పట్టేస్తాడు. 2/5, 2/6, 1/6 పెట్టావనుకో, ఏది ఎంచుకున్నాడన్నదాన్ని బట్టి వాడి తప్పు రకం తెలిసిపోతుంది. ఇలాంటివి రాయగలిగినవాళ్ళు నిజంగా తక్కువ. నీకేమో కట్టలు కట్టలుగా దిద్దిన పేపర్లే ముడిసరుకు. ఒక్క జాగ్రత్త: శాంపిల్ పేరుతో అరవై ప్రశ్నలు రాయించుకుని మాయమయ్యేవాళ్ళు ఉంటారు. ఐదు ప్రశ్నలకు మించి ఊరికే రాయకు. డబ్బు ఎప్పుడిస్తారో మెయిల్‌లో రాయించుకో. ఒకాయన నాకు "వచ్చే వారం" అని చెప్పి బడి తెరిచాక ఇచ్చాడు, అదీ పదిసార్లు ఫోన్ చేస్తే.

పేపర్లు దిద్దే పని ఇంకోటి. "మళ్ళీ దిద్దడమా!" అని తల పట్టుకోకు. అమెరికాలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలకు పెట్టే) పరీక్షల జవాబుపత్రాలు దిద్దడానికి ఏటా జూన్‌లో వేలమంది టీచర్లను, ప్రొఫెసర్లను తీసుకుంటారు. చాలా దేశాల బడుల్లో ఉండే ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) పరీక్షలు మే, నవంబర్ నెలల్లో ఉంటాయి, వాటి పేపర్లు కంప్యూటర్ తెర మీద ఇంట్లో కూర్చునే దిద్దుతారు. ఇలాంటి వాటికి ఆ సబ్జెక్టు చెప్పిన అనుభవం అడుగుతారు, దరఖాస్తు కూడా నెలల ముందే పెట్టాలి. కాబట్టి ఈ ఏడాదికి కాదు, వచ్చే ఏడాదికి ఇప్పుడే పెట్టు. తెర మీద దిద్దేచోట ఒక తమాషా ఉంది. పెద్ద ఎగ్జామినర్లు ముందే దిద్దిన పేపర్లను మధ్యమధ్యలో నీకు తెలియకుండా కలిపేస్తారు. నీ మార్కులు వాళ్ళ మార్కులకు దగ్గరగా లేకపోతే దిద్దడం ఆపేయిస్తారు. మొదట ఒళ్ళు మండుతుంది. తర్వాత, ఇంట్లో టీ తాగుతూ, చిరాకులో మనమెన్ని మార్కులు అటూ ఇటూ వేస్తామో గుర్తొచ్చి ఊరుకుంటాం. డబ్బు సంగతి పక్కనపెట్టినా, దేనికెన్ని మార్కులో చెప్పే వాళ్ళ స్కీము చూశాక మన పిల్లలకు జవాబులు రాయడం నేర్పే తీరు మారిపోతుంది.

వర్క్‌షీట్లు అమ్మడం గురించి నువ్వు చాలా ఆశగా రాశావు. అవును, టీచర్లే టీచర్లకు అమ్ముకునే వెబ్‌సైట్లు ఉన్నాయి. టీచర్స్ పే టీచర్స్ అన్నది 2006లో ఒక న్యూయార్క్ టీచరు మొదలుపెట్టిందే. కానీ అక్కడ ఒక్క ఫైలు పెట్టి కూర్చుంటే ఏమీ రాదు. ఒకే అంశం మీద వరసగా పది, పదిహేను ఉండాలి, జవాబుల పేజీ తప్పనిసరిగా ఉండాలి. టీచరు కొనేది ఆ జవాబుల పేజీ కోసమే, కావాలంటే నీ మనసునే అడుగు. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలు, ఫాంట్లు పెట్టేముందు వ్యాపారానికి వాడుకోవచ్చో లేదో చూడు. తయారుచేసినవాళ్ళు ఊరికే వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఎన్‌సీ (నాన్ కమర్షియల్) అని ఉంటే అమ్మకానికి వాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, బడి కోసం చేసినవి నీవి కాకపోవచ్చు. ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన పాఠాల మీద హక్కు యజమానిదే అనే చట్టాలు చాలాచోట్ల ఉన్నాయి. సెలవుల్లో, నీ సొంత కంప్యూటర్ మీద, కొత్తగా చెయ్యి. ఇది వచ్చే ఏడాది డబ్బు అనుకుని రోజుకో గంటకు మించి పెట్టకు.

సమ్మర్ క్యాంపు? వద్దు. డబ్బు నికరంగానే వస్తుంది గానీ, ఏడాదంతా నలభై మందిని కాసినవాడివి సెలవుల్లో అరవై మందిని కాస్తానంటే మీ ఆవిడ నన్ను తిడుతుంది. దానికంటే పెద్దవాళ్ళకు చెప్పడం హాయి. ఉద్యోగ పరీక్షలకు లెక్కలు కావాల్సినవాళ్ళు, చదువు మధ్యలో ఆపేసి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు సాయంత్రాలు వస్తారు, సొంత డబ్బు కడతారు, అల్లరి చెయ్యరు. హోంవర్క్ చెయ్యకుండా వచ్చి సాకులు చెప్పడంలో మాత్రం పిల్లల్ని మించిపోతారు.

వచ్చిన ప్రతిదీ ఒక పుస్తకంలో రాసుకో, ఖర్చులు కూడా. ఇది జీతం కాదు కదా అని పన్ను లెక్కలో చూపించకపోతే తర్వాత తలనొప్పి. ఇంటర్నెట్, ప్రింటింగ్ లాంటి ఖర్చులను ఆ ఆదాయంలోంచి తీసేసి పన్ను లెక్క కట్టే వీలు చాలా దేశాల్లో ఉంటుంది, రసీదులు పారెయ్యకు.

కాబట్టి నీకు నేను చెప్పేది: అనుమతి దొరికితే నలుగురేసి పిల్లలతో రెండు చిన్న కోర్సులు పెట్టు, పొద్దున్న పూటే. దొరక్కపోతే ప్రశ్నలు రాసే పనికి ఇద్దరు ముగ్గురికి శాంపిల్ పంపు. ఆఖరి రెండు వారాలు ఏదీ ఒప్పుకోకు, ఎవరు బతిమాలినా సరే. ఆ పది ప్రశ్నల పరీక్ష తయారుచేసి ముందు నాకు పంపు, నేను పిల్లాడిలా తప్పులు చేసి పంపుతాను. ఎక్కడ తప్పానో నువ్వు పట్టుకోవాలి.

ఇట్లు,
నీ పాత బెంచీ మిత్రుడు

తా.క.: ఎవరో ముక్కూమొహం తెలియని పేరెంట్ విదేశం నుంచి మెసేజ్ పెట్టి, మూడు నెలల ఫీజుకు చెక్కు పంపిస్తాననీ, పొరపాటున ఎక్కువ పంపాననీ, మిగిలింది వెనక్కి వెయ్యమనీ అంటే ఒక్క పైసా పంపకు. తర్వాత ఆ చెక్కు చెల్లదు, నువ్వు పంపింది మాత్రం తిరిగి రాదు. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అనేవాళ్ళు కూడా అదే బాపతు.